కంచ నుంచి కంచె దాకా

తెలంగాణ పల్లెల్లో 'కంచ' అంటే పశువులు మేసే బీడు. 'కంచె' అంటే చేను చుట్టూ కట్టే ముళ్ళ అడ్డు. ఒకటి అందరూ తిరిగే చోటు, రెండోది ఎవరినీ రానివ్వని గీత. రాతలో ఈ రెండింటికీ ఒక్క ఎత్వమే తేడా. గత ముప్ఫై ఏళ్ళుగా హైదరాబాదు పడమటి దిక్కున జరిగినదంతా ఆ ఎత్వంలోనే ఇమిడి ఉందనిపిస్తుంది నాకు. ఆ మార్పుకి ప్రభుత్వ భాషలో 'భూ వినియోగ ప్రణాళిక' అని పేరు. సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి నా చూపు ముందు మాట మీదే పడుతుంది. వినియోగం అంటే ఏమిటి? ఎవరి వినియోగం? ఎవరు వాడుకుంటే అది వినియోగం కింద లెక్కకొస్తుంది, ఎవరు వాడుకుంటే ఖాళీ జాగా కింద మిగిలిపోతుంది?

కొత్తగూడ మా అమ్మ పుట్టిన ఊరు. ఇప్పుడు అదే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో నేను అద్దెకుంటున్నాను. అమ్మ వచ్చినప్పుడల్లా బాల్కనీలో నిలబడి దిక్కులు సరిచూసుకుంటుంది. ఫ్లై ఓవర్ అడ్డం వస్తుంది. "బాయి గా దిక్కున ఉండె బిడ్డా. కాదు కాదు, గీ దిక్కున" అని చెయ్యి తిప్పుతుంది. ఆమె తికమక చూస్తే నాకు నవ్వు రాదు. పుట్టిన ఊళ్ళో దారి తప్పిపోవడం ముసలితనం వల్ల కాదు. ఆమె గుర్తుల్ని ఎవరో ఒక పద్ధతి ప్రకారం చెరిపేశారు.

ఆ పద్ధతికి తేదీలున్నాయి. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వంటి ఊళ్ళన్నిటినీ కలిపి దాదాపు 52 చదరపు కిలోమీటర్లకు ఒక ప్రత్యేక మాస్టర్ ప్లాన్ వచ్చింది. 2006లో జీవో 86 వచ్చి, ఎంత స్థలంలో ఎంత కట్టవచ్చు అన్న పరిమితిని ఎత్తేసింది. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. 2008లో ఆ అథారిటీ కూడా హెచ్ఎండీఏలో కలిసిపోయింది. అంటే పదేళ్ళలో ఊరు మునిసిపాలిటీ దాటి మహానగరమైంది. మా అమ్మమ్మ మాత్రం చనిపోయేదాకా "పట్నం పోతున్న" అనే అనేది. తన చుట్టూ ఉన్నది పట్నమేనని ఆమె ఒప్పుకోలేదు.

పటంలో రంగులుంటాయి. నివాస ప్రాంతానికి పసుపు, పార్కులకు ఆకుపచ్చ, పరిశ్రమలకు ఊదా. పరిశోధన కోసం అలాంటి పటాలు ముందేసుకున్నప్పుడు నా కళ్ళు పసుపు దగ్గరే ఆగిపోయాయి. మన ఇళ్ళలో ఆడపిల్లకి భూమి ముడితే గిడితే 'పసుపు కుంకుమ కింద' ముట్టేది. అమ్మమ్మ పుట్టిల్లు కొండాపూర్. పెళ్ళినాడు పసుపు కుంకుమ కింద అరెకరం ఇస్తున్నామని నలుగురిలో చెప్పారట. ఆ మాట నోటి మాటగానే ఉండిపోయింది. పట్టా అన్నదమ్ముల పేరు మీదే సాగింది. పంటకాలంలో ఇన్ని కందులో, జొన్నలో పంపించేవాళ్ళు. ఆ అన్నదమ్ములు భూమి అమ్ముకున్ననాడు ఆమెనెవరూ పిలవలేదు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పటమంతా పసుపే. ఆమె పసుపు కుంకుమ ఏ గజం కింద ఉందో చెప్పే కాగితం ఎక్కడా లేదు.

ఇంత పెద్ద మార్పు ప్రజలకు చెప్పకుండా చేశారా అంటే, చట్టం ప్రకారం చెప్పే చేస్తారు. 1975 పట్టణాభివృద్ధి చట్టం కింద ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలుంటే తెలపమని అడగాలి. కానీ ఆ అడగడం ఎవరికి వినబడుతుంది? ప్రకటన పేపర్లో, పటం ఆఫీసులో, వివరాలు సర్వే నంబర్లలో ఉంటాయి. అమ్మమ్మకి ఒక్క సర్వే నంబరూ తెలియదు. ఆమెకి తెలిసినవన్నీ పేర్లే. రేగడి చెక్క, చింతచెట్టు మడి, బాయికాడి చేను, దయ్యాల బండ. పేర్ల భాషలో బతికే మనిషిని నంబర్ల భాషలో అభ్యంతరం చెప్పమంటే మౌనమే మిగులుతుంది. ఆ మౌనాన్ని అంగీకారం కింద రాసుకుంటారు.

ఏ రంగూ దొరకని వినియోగాలు కొన్నున్నాయి. అమ్మ చెప్పగా నేను రాసుకున్నవి ఇవి. పొయ్యిలోకి పుల్లలు. బర్రెలకు గడ్డి. వానలు పడగానే తుమ్మికూర, పొన్నగంటికూర. విస్తర్లకు మోదుగాకు. దసరా ముందర గంపలకొద్దీ సీతాఫలాలు, తిన్నన్ని తిని మిగిలినవి పట్నంలో అమ్మేవి. బతుకమ్మకు తంగేడు పూలు, గునుగు పూలు. ఆ బతుకమ్మను సాగనంపడానికి కుంట. బట్టలుతకడానికి అదే కుంట గట్టు. ఇవన్నీ కంచలో, గుట్టల మధ్య, ఊరుమ్మడి జాగాల్లో దొరికేవి. దాదాపు ఇదంతా ఆడవాళ్ళ పనే. పొలం పట్టా మగవాడిదైతే, పట్టా లేని జాగా అంతా ఆడవాళ్ళ చేతుల మీద నడిచేది. అందుకే పట్టా లేని జాగా పోయినప్పుడు ఇంట్లో మగవాళ్ళకి పెద్దగా ఏమీ పోయినట్టనిపించలేదు. వంటింట్లోకి మాత్రం కొత్త ఖర్చులు వచ్చిపడ్డాయి. పుల్లల బదులు గ్యాస్, గడ్డి బదులు పాకెట్ పాలు. పూలకు కూడా డబ్బులే! ఇప్పుడు బతుకమ్మ పండక్కి కూడలి దగ్గర తంగేడు కట్టలు కొనుక్కుంటాం. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఆ పూలు పూసే నేలకి మాత్రం ఏ హోదా రాలేదు.

పాత రోజుల్ని బంగారంగా చూపించే ఉద్దేశం నాకు లేదు. కంచ అమ్మకి పూలూ పళ్ళే ఇవ్వలేదు. మరుగుదొడ్డి లేని ఇళ్ళ ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఉగ్గబట్టుకుని వెళ్ళింది కూడా ఆ కంచలోకే. పుల్లల మోపుతో నడిచి నడిచి అమ్మమ్మ మెడ నరాలు జీవితాంతం నొప్పి పెట్టాయి. ఎవరు ఏ గట్టు మీద బట్టలుతకాలో, ఎవరు ఏ బాయి తాకకూడదో కులం నిర్ణయించేది. ఉమ్మడి జాగా అన్నంత మాత్రాన అందరికీ సమానంగా ఉమ్మడి కాదు. నేను ఇవాళ రాత్రి పదింటికి ఒంటరిగా ఆటో దిగి ఇంటికి నడవగలుగుతున్నానంటే, నా పేరు మీద అద్దె కాగితం ఉందంటే, అందులో ఈ కొత్త నగరం ఇచ్చిన చోటు ఉంది. కడపనుంచీ శ్రీకాకుళంనుంచీ వచ్చి ఇక్కడి హాస్టళ్ళలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయిలకు ఈ వీధులు తొలి స్వేచ్ఛ. దాన్ని నేను తీసిపారేయలేను. నా ప్రశ్న ఒక్కటే. ఒక తరం ఆడవాళ్ళకు దొరికిన ఈ చోటు, ఇంకో తరం ఆడవాళ్ళకు ఏమీ చెప్పకుండా, ఏమీ ఇవ్వకుండా ఖాళీ చేయించిన చోటు కావడం తప్పనిసరా?

ఏమీ ఇవ్వకుండా అని ఊరికే అనడం లేదు. చట్టాల తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ చేసింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. దేశంలో అది చాలా ముందడుగు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు రాశారు. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు వర్తించదన్నారు. మా అమ్మ పెళ్ళి 1983లో. పద్దెనిమిదేళ్ళకే తొందరపడి చేసిన పెళ్ళి ఆమెకు చదువునే కాదు, వాటానూ లేకుండా చేసింది. ఇంకో సంగతి. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌నే ఎదిరించిన చాకలి ఐలమ్మ చనిపోయింది 1985 సెప్టెంబరు 10న. ఆ తేదీకి సరిగ్గా అయిదు రోజుల తర్వాత. ఆమె పోరాడింది కౌలుకు చేసుకున్న భూమి కోసం, పండించిన గింజల కోసం. అంటే పట్టా కోసం కాదు, వినియోగం కోసం. ఆ హక్కు గురించి ఏ సవరణా మాట్లాడలేదు.

1999లో కొత్తగూడలో తాత పేరు మీదున్న నాలుగెకరాల మెట్ట అమ్మారు. అంతకుముందు ఏడాదే సైబర్ టవర్స్ లేచింది. బేరగాళ్ళు ఇంటింటికీ తిరుగుతున్న రోజులు. మేనమామ కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కొనేవాళ్ళ వకీలు ఆడపిల్లల సంతకాలు కూడా కావాలన్నాడట. అమ్మకి చట్ట ప్రకారం వాటా లేదని ఆయనే చెప్పాడు. వాటా లేనప్పుడు సంతకం ఎందుకని అమ్మ అడగలేదు. అన్న ముఖం చూసి పెట్టింది. ఒక చీర, జాకెట్ గుడ్డ, అయిదు వేల రూపాయలు చేతిలో పెట్టి పోయాడు. 2005లో కేంద్ర సవరణ వచ్చి పెళ్ళయిందా లేదా అన్న తేడా తీసేసింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన అమ్మకాలను అది ముట్టుకోలేదు. కూతుళ్ళ హక్కు పుట్టుకతో వచ్చేదేననీ, తండ్రి అప్పటికి బతికున్నాడా లేదా అన్న దానితో పనిలేదనీ 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. టీవీలో ఆ వార్త వస్తుంటే అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ "మంచిగైంది" అంది. ఎవరికి అని నేనడగలేదు. ఐటీ కారిడార్‌లో భూములు చేతులు మారింది ముఖ్యంగా ఆ 1985కీ 2005కీ మధ్యే. హక్కు వచ్చేసరికి నేల లేదు.

మాకు కనీసం అమ్ముకోవడానికి నాలుగెకరాలుంది. ఆ నాలుగెకరాల్లో కలుపు తీసినవాళ్ళకు, నాట్లు వేసినవాళ్ళకు ఏముంది? 1894 నాటి భూసేకరణ చట్టం పరిహారాన్ని హక్కు ఉన్నవాడికి ఇచ్చింది. కూలికి హక్కు లేదు. అసైన్డ్ భూముల సంగతి ఇంకొకటి. పేదలకిచ్చిన ఆ భూమిని అమ్ముకోకూడదని 1977 చట్టం అంది. అది వాళ్ళ మంచికే. కానీ ప్రభుత్వం తనకు అవసరమైనప్పుడు వెనక్కి తీసుకుంటూ, ఇది నీది కాదుగా అన్నట్టు తక్కువ ఇచ్చి పంపేది. చేవెళ్ళ డివిజన్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, వాళ్ళకూ పట్టాదారులతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పవలసి వచ్చింది. ఇక భూమి మీద ఆధారపడ్డ కూలీల కుటుంబాలనూ బాధిత కుటుంబాలుగా లెక్కించాలని, వితంతువులను, విడాకులు పొందిన, భర్తలు వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా చూడాలని రాసుకున్న చట్టం 2013లో గానీ రాలేదు. అప్పటికి కొత్తగూడలో సేకరించడానికి ఏం మిగిలింది?

పాత పహాణీలో రెండు గడులుండేవి. ఒకటి పట్టాదారు, రెండోది అనుభవదారు. భూమి ఎవరిది అన్నదొకటి, ఎవరు చేసుకుంటున్నారు అన్నదొకటి. మా ఇంటి పహాణీ నకలులో రెండు గడుల్లోనూ తాత పేరే ఉంది. బాయి మీద మోట తోలింది ఆయనే. కానీ విత్తు దాచింది, కలుపు తీసింది, కూరగాయలు గంపకెత్తుకుని మార్కెట్‌కి మోసింది అమ్మమ్మ. అనుభవం అన్న మాటకు తెలుగులో ఇంత అర్థముంటే, ఆ గడిలో అనుభవించినదాని పేరు లేదు. 2020లో వచ్చిన ధరణి పోర్టల్‌లో ఆ రెండో గడే తీసేశారు. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. చట్టాలు మారినప్పుడల్లా ఈ గడి ఉంటుందా పోతుందా అని కౌలుదారులు చూసుకుంటారు. ఆడవాళ్ళు ఆ గడిలోకి ఎప్పుడెక్కారు గనుక, చూసుకోవడానికి!

ఇదంతా అయిపోయిన చరిత్ర అనుకుంటుండగానే 2025 మార్చి వచ్చింది. ఇక్కడికి దగ్గర్లోనే, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. ఆ నేల పేరే కంచ గచ్చిబౌలి. ఒక మాటలో మేత బీడు, ఇంకో మాటలో గచ్చు చేసిన బావి. పేరులో ఉన్నదంతా జనం వాడుకున్న నేలే. 1974లో పుట్టిన విశ్వవిద్యాలయానికి అప్పట్లో కేటాయించిన విశాలమైన భూమిలో భాగమది. 2003-04లో ఒక క్రీడా సంస్థకు ఇచ్చారు, 2006లో ఆ కేటాయింపు రద్దయింది, ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది, చివరికి ప్రభుత్వ భూమే అని తేలింది. ఐటీ పార్కుల కోసం వేలం వేస్తామన్నారు. విద్యార్థులు రోడ్డు మీదికొచ్చారు. అందులో అమ్మాయిలు ముందు వరసలో ఉన్నారు. నెమళ్ళ అరుపులు, పారిపోతున్న జింకలు ఫోన్లలో దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది.

ఆ పిల్లల ధైర్యం ముందు నా పరిశోధన చిన్నదనిపించింది. అయినా ఆ రోజుల్లో సాగిన వాదన వింటుంటే ఏదో వెలితి. ఒక పక్క "ఇది అడవి" అన్నారు. ఇంకో పక్క "ఇది అడవి కాదు, ప్రభుత్వ భూమి" అన్నారు. ఉద్యోగాలా, నెమళ్ళా అన్నట్టుగా సాగింది చర్చ. కంచ అన్న మాట అందరూ పలికారు గానీ, ఆ మాటలో ఉన్న బర్రెలను, బర్రెల వెనక నడిచిన ఆడవాళ్ళను ఎవరూ తలచుకోలేదు. ప్రకృతిని కాపాడాలనుకునేవాళ్ళకి కూడా మనుషులు లేని ప్రకృతే కనబడుతుంది కొన్నిసార్లు. కొత్తగూడ రిజర్వ్ ఫారెస్టులోని బొటానికల్ గార్డెన్‌లో నేను పొద్దున్నే నడుస్తాను. దాదాపు 270 ఎకరాల పచ్చదనం. అది మిగిలినందుకు సంతోషమే. కానీ దాని గేటు దగ్గర టికెట్టు కొనేటప్పుడు, వంగి పుల్లలేరుకోవడం ఇక్కడ నేరమైతే వేగంగా నడవడం ఆరోగ్యం ఎప్పుడయిందా అనుకుంటాను. పార్కు మంచిదే. కంచకు అది బదులు కాదు.

1980లో అమెరికన్ స్త్రీవాది డొలోరెస్ హేడెన్ ఒక వ్యాసంలో, స్త్రీల పట్ల వివక్ష లేని నగరం ఎలా ఉంటుందని అడిగారు. ఇల్లొక చోట, పని ఒక చోట అని విడగొట్టి కట్టిన నగరాలు, ఇంటి దగ్గర ఒక ఆడమనిషి జీతం లేకుండా ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డాయన్నది ఆవిడ వాదన. బీనా అగర్వాల్ 1994లో 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్'లో దక్షిణాసియా స్త్రీల చేతికి నేల ఎందుకు రావాలో వివరంగా రాశారు. ఈ రెండు ప్రశ్నలూ కొత్తగూడలో ఒకే చోట కలుస్తాయి. ఇక్కడ అద్దాల మేడల్లో పనిచేసే స్త్రీ ఇల్లు నడవాలంటే ఇంకో స్త్రీ రావాలి. మా ఫ్లాట్లలో పనిచేసే అక్క ఏడు ఇళ్ళు చేస్తుంది. ఆమె ఉండే గుడిసె వెనక ప్రహరీ లేచినప్పుడు ఆమెకు దారి పోయింది. చుట్టు తిరిగి వస్తుంది. ఆ అదనపు అరగంట ఏ ట్రాఫిక్ సర్వేలోనూ ఎక్కదు. ఎండాకాలం మా అపార్ట్‌మెంటుకి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. ఆమె బస్తీకి ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఒకరోజు మా పనీ, ఒకరోజు నీళ్ళ పనీ మానుకోవాలి. బావి ఉన్న ఊరికి పేరు మిగిలింది, నీళ్ళు మిగల్లేదు.

ఇంకా సమయం మించిపోని చోట్లున్నాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల పరివాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాలు దాని కిందికొస్తాయి. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది. మరుసటి ఏడు పూర్తిగా రద్దన్నారు. ఆ ఊళ్ళలో ఇప్పుడు జరుగుతున్న వాదన కూడా ఇద్దరి మధ్యే. నీళ్ళు కాపాడాలనే నగరవాసులు ఒకరు, మా భూమికి ధర రానివ్వమనే పట్టాదారులు ఒకరు. పట్టాదారుల కోపం అన్యాయమైనది కాదు. నగరం తాగే నీళ్ళ కోసం వాళ్ళెందుకు నష్టపోవాలి? కానీ మూడో గొంతు ఎక్కడ? ఆ 84 ఊళ్ళలో కుంటల దగ్గరకు, బీళ్ళలోకి రోజూ వెళ్ళి వచ్చే ఆడవాళ్ళను కూర్చోబెట్టి, పటం నేలమీద పరిచి, ఏది ఎక్కడ దొరుకుతుంది, ఎవరు తెచ్చుకుంటారు అని అడిగినదెవరు? ప్రణాళిక వేసేముందు ఆ పని జరగాలి. తెలుగులో, ఊళ్ళో, పేర్ల భాషలో జరగాలి. కూతుళ్ళ పేర్లు రికార్డులోకి ఎక్కాకే బేరాలు మొదలవ్వాలి. కొత్త కోరికలేవీ కావివి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడే, భూమి చరిత్ర తెలుసుకోవాలంటే ఆడవాళ్ళను అడగాలని మనకు తెలిసింది. ప్రణాళికల ఆఫీసులకు ఇంకా తెలియలేదు.

మొన్న ఆదివారం అమ్మను కూర్చోబెట్టి తెల్ల చార్టు మీద ఊరి బొమ్మ గీయమన్నాను. "నాకు గీతలు రావే" అంది. పేర్లు చెప్పమన్నాను. ముందు గుడి, తర్వాత కుంట, కుంట గట్టున ఎవరెవరి బండలు, అక్కణ్ణుంచి కంచలోకి పోయే మూడు బాటలు. ఒక్కో బాటలో ఏ నెలలో ఏం దొరికేదో చెప్పింది. మధ్యాహ్నం దాకా రాశాను. ముప్ఫై నాలుగు పేర్లొచ్చాయి. అన్నం తిని లేచాక గుర్తొచ్చి, "సీతాఫలాల బాటకాడ ఇంకో మోట బాయి ఉండె, రాసినవా?" అని వంటింట్లోంచి కేకేసింది. రాశాను. ముప్ఫై అయిదు.